పేట కూల్చిన రోజు

బుధవారం పొద్దున కూడా అత్తగారు తన కంచం తన గదిలోకే పట్టుకెళ్ళింది. తలుపు వేయలేదు. అలాగని బార్లా తీసి ఉంచనూ లేదు. లోపల చెంచా చప్పుడు బయటికి వినిపించేంత సందు మాత్రం వదిలింది.

వంటింట్లో నిలబడి టీ తాగుతున్న టీచరు ఆ చప్పుడే వింటూ ఉండిపోయింది. కోపం వస్తే నాలుగు మాటలని ఊరుకునే మనిషైతే ఎంత బాగుండేదో అనుకుంది. అత్తగారు నోరెత్తదు. ఏళ్ళ తరబడి బైండింగు ప్రెస్సులో పుస్తకాలు కుట్టిన చేతులు ఆవిడవి. కోపం వస్తే ఆ చేతులతో ఇల్లు సర్దుతుంది. ఆదివారం నుంచి వంటింట్లో ఏ డబ్బా ఎక్కడుందో ఎవరికీ అంతుపట్టడం లేదు.

ఉప్పెక్కడుందని భర్త అడిగాడు. మీ అమ్మనడగండి అంది టీచరు. అతను ఉప్పు లేకుండానే తినేశాడు.

గొడవకి కారణం ఒక గొంతు. ఆదివారం మధ్యాహ్నం టీచరు ఆ గొంతుని ఫోన్లో వింటూ, విన్నది విన్నట్టు కాగితం మీద ఎక్కిస్తోంది. అది ఆమె పదో తరగతి పిల్లలు రికార్డు చేసి తెచ్చినది. చెవిలో పెట్టుకునేవి పాడైపోవడంతో పైకే పెట్టింది. బల్లకి అటువైపు అత్తగారు బీన్సు ఈనెలు తీస్తోంది. ఫోన్లో, ఊరి చివర కుట్టుషాపు నడుపుకునే టైలరమ్మ తమ పేటని కూల్చిన రోజు గురించి చెబుతోంది.

"మా అమ్మ పొద్దుట్నుంచీ రోడ్డుమీద పరుపుచుట్ట మీద కూర్చునుంది. మా అక్కకి అప్పటికే పెళ్ళైపోయింది. ఉన్నది ఇదే ఊళ్ళో. రాలేదు. తొంగైనా చూడలేదు."

అత్తగారి చేతులు ఆగిపోయాయి. దాన్ని ఆపమంది. ఈనెలు తీసినవీ తీయనివీ కలిపి ఒకే గిన్నెలో పోసి, "అది నా చెల్లెలు" అని లేచి గదిలోకి వెళ్ళిపోయింది.

పనిసంచీ భుజాన వేసుకుని అప్పుడే గుమ్మంలో అడుగుపెట్టాడు టీచరు భర్త. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు అతను. తన తల్లికి ముందూ వెనకా ఎవరూ లేరని విని పెరిగినవాడు, తనకో పిన్ని ఉందని నలభై దాటాక అలా తెలుసుకున్నాడు.

ఆ తర్వాత తల్లిని రెండుసార్లు అడిగి చూశాడు. ఆవిడ రెండుసార్లూ అలమార సర్దింది.

ఈ బుధవారం పొద్దున అతను తిని చేతులు కడుక్కుని వచ్చి, టీచరు పక్కన నిలబడి, గొంతు తగ్గించి అడిగాడు. శనివారం బడిలో ఏదో ప్రదర్శన ఉందన్నావు కదా, అందులో ఆ టేపు వినిపిస్తారా అని. వినిపిస్తామంది టీచరు. పిల్లలు నెల నుంచి దానికోసమే తిరుగుతున్నారంది. టైలరమ్మని కూడా పిలిచారంది.

"తీసెయ్యి."

"అది నాది కాదండీ తీసెయ్యడానికి. ఆవిడ పిల్లల్ని నమ్మి చెప్పింది."

"ఆవిడ మాట ఆవిడిష్టం. మా అమ్మని నలుగురిలో నిలబెట్టడానికి నీకేం హక్కుంది?"

"అందులో పేరు లేదు. అక్క అనే ఉంది."

"ఆ అక్క ఎవరో నాకు తెలుసుగా ఇప్పుడు" అన్నాడతను. "నీకూ తెలుసు. తెలిసి వినిపించడం వేరు."

అతను సంచీ తీసుకుని వెళ్ళిపోయాడు. లోపల చెంచా చప్పుడు ఎప్పుడో ఆగిపోయిందని ఆమె అప్పుడు గమనించింది.

అసలు ఆ పనంతా పుస్తకంలోని ఒక్క వాక్యంతో మొదలైంది. నగరాభివృద్ధిలో భాగంగా విశాలమైన బస్సు డిపో నిర్మించబడినది, అని ఉంది పాఠంలో. నిర్మించబడక ముందు అక్కడేముంది అని ఒక పిల్ల అడిగింది. ఆ పిల్లకి తరగతిలో ప్రశ్నార్థకం అని పేరు. నడుం కాస్త వంచి నిలబడుతుంది కాబట్టి పేరు రెండువిధాలా కుదిరిందని మగపిల్లలు నవ్వుతారు. టీచరు తనకి తెలియదని ఒప్పుకుని, వెతకండి అంది.

పిల్లలు వెతికారు. గ్రంథాలయంలో అప్పటి పేపరు దొరికింది. గోడౌన్ల వెనక పేటవాసులు సంతోషంగా కొత్త స్థలాలకు తరలివెళ్ళారని అందులో ఉంది. డిపో ఆఫీసులో ఒక ఫోటో దొరికింది. అందులో సంతోషంగా ఉన్నది ఆఫీసర్లు మాత్రమే. ఫోటో కిందిభాగాన మంచాలు, గిన్నెలు, ఎవరిదో ఒక కాలు. ఆ కాలు ఎవరిదని పిల్లలు పీరియడంతా కొట్టుకున్నారు. ఆ తర్వాతే, అక్కడ బతికిన మనుషుల కోసం బయలుదేరి టైలరమ్మ దగ్గరకు చేరారు.

బుధవారం పీరియడులో టీచరు టైలరమ్మ మాటల కాగితం పంచిపెట్టి, శనివారం ఏది ముందు వినిపించాలో, ఏది గోడకి అంటించాలో తేల్చుకోమంది. టేపు తీసెయ్యమన్న సంగతి ఎత్తాలా వద్దా అని ఆమె పొద్దుట్నుంచి తర్జనభర్జన పడుతూనే ఉంది. ఎత్తలేదు.

ప్రశ్నార్థకం లేచి నిలబడింది.

"టీచర్, పేపరువాడు రాసింది మనం నమ్మలేదు కదా. అక్కడి వాళ్ళని అడక్కుండా రాశాడన్నాం."

"అన్నాం."

"టైలరమ్మగారు వాళ్ళక్క రాలేదన్నారు. మనం ఆ అక్కని అడిగామా? అడగలేదు. ఎందుకంటే టైలరమ్మగారంటే మనకి జాలి. పేపరువాడంటే కోపం. అంతే కదా టీచర్?"

ఆ అక్క ఈపాటికి పోయి ఉంటుందిలే అని వెనక బెంచీ నుంచి ఎవరో అన్నారు. పోయిందని రుజువేమిటని ప్రశ్నార్థకం వెనక్కి తిరిగి అడిగింది. తరగతంతా టీచరు వైపు చూసింది.

ఆ అక్క చేసిన టీయే పొద్దున తాగి వచ్చిన టీచరు, సుద్దముక్క బల్లమీద పెట్టి, మంచి ప్రశ్న, రేపు మాట్లాడుకుందాం అంది. తెలియనప్పుడు తెలియదని చెప్పడం పిల్లలకి ఆమే నేర్పింది. తెలిసీ తప్పించుకోవడం మాత్రం వాళ్ళ ముందు అదే మొదటిసారి. పిల్లలకి తేడా తెలియలేదు. ఆమెకి తెలిసింది. స్టాఫురూములో కూర్చున్నా ఆ మాటే మనసులో మెదులుతూ ఉంది.

సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పులు విప్పి తిన్నగా అత్తగారి గదిలోకి వెళ్ళింది. ఆవిడ మంచమ్మీద పాత దుప్పట్లు మడతపెడుతోంది. కూర్చోమనలేదు. టీచరు దుప్పటి రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ కలిసి ఒకటి మడిచారు, రెండోది మడిచారు.

టేపు గురించి మాట్లాడడానికి రాలేదని టీచరు చెప్పింది. ఇవాళ తరగతిలో ఒక పిల్ల అడిగిన మాట చెప్పడానికి వచ్చానంది. చెప్పింది. తను జవాబు దాటేశానని కూడా చెప్పింది.

అత్తగారు మడత ఆపింది.

"ఆ అక్కని ఎవరైనా అడిగారా అందా?"

"అవునత్తయ్యా."

"ఎంతుంటుంది ఆ పిల్ల?"

"పదిహేనుంటాయి."

"ఇన్నేళ్ళలో ఆ మాట అడిగింది ఆ పిల్లే" అంది అత్తగారు. "పెట్టు. మొదట్నుంచీ పెట్టు" అంది.

టేపంతా విన్నారు. టైలరమ్మ గోడౌన్ల గురించి చెప్పింది. గోడౌన్లో బస్తా పోతే పోలీసులు మొదట తమ పేటకే వచ్చేవాళ్ళని, పేట పేరు చెబితే పనివ్వడానికి కూడా జనం వెనకాడేవాళ్ళని చెప్పింది. బుల్డోజరు గురించి, కుండలో పెట్టిన అన్నం అలాగే మట్టిలో కలిసిపోవడం గురించి చెప్పింది. అక్క రాకపోవడం గురించి చెప్పింది. అత్తగారు ఎక్కడా అడ్డు రాలేదు. అయిపోయాక ఫోను తన వైపు జరుపుకుంది.

"దాని గొంతు అచ్చం మా అమ్మ గొంతైపోయింది" అంది.

తర్వాత, అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టింది. పెళ్ళి చూపుల్లో ఇంటి చిరునామా అడిగితే ఆవిడ ప్రెస్సు దగ్గర అద్దెగది చిరునామా చెప్పింది. పేట పేరు చెబితే సంబంధం కుదరదని అలా చెప్పమని నేర్పింది తల్లే. భర్తకి తర్వాత తెలిసింది. మంచివాడే, కానీ తండ్రి ముందు నోరు పెగిలేది కాదు. పేట కూల్చుతున్నారని ప్రెస్సులో వినగానే ఆవిడ ఒక తోపుడుబండి మాట్లాడుకుని వెళ్ళింది. అప్పుడు చెల్లెలు అక్కడ లేదు. కొత్త స్థలాల చీటీలిస్తున్నారంటే వరసలో నిలబడడానికి వెళ్ళింది. తల్లి ఒక్కతే పరుపుచుట్ట మీద కూర్చుని ఉంది.

"బండెక్కమన్నాను. నాతో వచ్చెయ్యమన్నాను. మా అమ్మ నా మొహంలోకి చూసి ఒకే మాటడిగింది. మీ ఇంట్లో నన్నెవరని చెప్తావే, అంది."

టీచరు చేతిలోని దుప్పటి మంచమ్మీద పెట్టింది.

"నేను జవాబు వెతుక్కుంటున్నాను. ఆవిడ అంతసేపు ఆగలేదు. చెల్లెలొచ్చేలోగా వెళ్ళిపో, దాని కళ్ళబడితే అదీ నీ వెంట వస్తానంటుంది, దాన్నెవరని చెప్తావు అంది. బండివాడు వింటున్నాడు. నేను వెళ్ళిపోయాను. తర్వాత కొత్త స్థలానికి వెళ్తే చెల్లెలు తలుపు తీయలేదు. మా అక్క పోయిందని ఇక్కడందరికీ చెప్పానంది తలుపవతలినించే. సరే అనుకున్నాను. నేను మా ఇంట్లో అందరికీ అదే చెప్పాను, నాకెవరూ లేరని."

తల్లి ఆ మాట చెల్లెలికి ఎందుకు చెప్పలేదని టీచరు మెల్లగా అడిగింది.

"ఎందుకు చెబుతుంది? అలా అన్నానని చెబితే పెద్దదాని కాపురం ఏ అబద్ధం మీద నిలబడిందో చిన్నదానికి తెలిసిపోతుంది. ఆవిడ ఏదీ చెప్పకుండానే పోయింది."

గుమ్మం దగ్గర అలికిడైంది. మెకానిక్కు ఎప్పుడొచ్చాడో, సంచీ దించకుండా నిలబడి ఉన్నాడు. తల్లి అతన్ని చూసింది. చూసి కూడా మాట మార్చలేదు. అదే కొత్త.

"నాకైనా చెప్పాల్సిందమ్మా" అన్నాడతను.

"ఏ వయసులో చెప్పాలిరా? చిన్నప్పుడు చెబితే తాత దగ్గర వాగుతావు. పెద్దయ్యాక చెబితే, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటావు. ఇప్పుడంటున్నావుగా."

అతను సంచీ దించి మంచం చివర కూర్చున్నాడు. కోపంగానే కూర్చున్నాడు, కానీ కూర్చున్నాడు. మూడో దుప్పటి ఒళ్ళోకి తీసుకుని, మడవడం చేతకాక, అలాగే పట్టుకున్నాడు.

అత్తగారు కోడలివైపు తిరిగింది. ఆ పిల్లని రేపు తీసుకురమ్మంది. తను చెబుతానని, రికార్డు చేసుకోమని చెప్పమంది. ఇప్పుడు చెప్పిందే రాసుకుంటానత్తయ్యా అని టీచరు అంటే ఒప్పుకోలేదు.

"నువ్వొద్దు. నువ్వు కోడలివి. నాకు అనుకూలంగానైనా రాస్తావు, కసితీరానైనా రాస్తావు. ఆ పిల్లకి నేనేమీ కాను."

గురువారం సాయంత్రం ప్రశ్నార్థకం ఇంకో పిల్లని వెంటబెట్టుకుని వచ్చింది. టైలరమ్మ అక్క తమ టీచరుగారి అత్తగారని దారిలో విన్నప్పుడు, టీచర్ మీకు నిన్న తెలుసా అని మాత్రం అడిగింది. తెలుసు, చెప్పలేకపోయాను అంది టీచరు. పిల్ల ఆలోచించి తలూపింది. ఇంకేమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడం టీచరుకి ఇంటిదాకా బరువుగానే ఉంది.

అత్తగారు తల దువ్వుకుని, ముందుగదిలో కుర్చీలో నిటారుగా కూర్చుంది. టీచరునీ కొడుకునీ వంటింట్లోకి పొమ్మంది. వంటింటికి తలుపు లేదు గనక అందరికీ అన్నీ వినిపించాయి. ఆవిడ నిన్న చెప్పిందే మళ్ళీ చెప్పింది, ఇంకొంచెం నెమ్మదిగా. పిల్లలు టీచరు ఫోన్లో రికార్డు పెట్టి, కాగితం మీదా రాసుకున్నారు.

"మామ్మగారూ, మీ అమ్మగారు ఆ మాట అన్నారని మీరు తప్ప ఇంకెవరైనా విన్నారా?" అంది ప్రశ్నార్థకం.

"బండివాడు విన్నాడు. వాడెవడో, ఉన్నాడో లేడో."

"అంటే సాక్ష్యం లేదు."

"లేదమ్మా."

"మరి మేమెలా నమ్మాలి?"

వంటింట్లో మెకానిక్కు కదిలాడు. టీచరు అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"నమ్మమని నేనడగలేదు తల్లీ" అంది అత్తగారు. "రాసుకోమన్నాను. దానిది రాసుకున్న చోటే నాదీ రాసుకోండి. అంతే."

పిల్ల తలవంచుకుని ఆ మాట కూడా రాసుకుంది. వెళ్ళేముందు ఒక సంగతి చెప్పింది. శనివారం అందరి ముందూ వినిపించే ముందు టైలరమ్మగారికి ఇది తెలియాలి కదా టీచర్, ఆవిడ కుర్చీలో కూర్చుని ఉండగా హఠాత్తుగా వినిపిస్తే అన్యాయం కదా అంది. ఆ మాటకి టీచరు వెంటనే అవునంది. రాత్రంతా దొర్లాల్సిన అవసరం లేకుండానే దారి కనిపించింది.

శుక్రవారం బడి నుంచి ఇంటికొచ్చి టైలరమ్మ దగ్గరికి బయలుదేరుతుంటే మెకానిక్కు బైకు స్టార్టు చేసి ఉన్నాడు. నేనూ వస్తానన్నాడు. తల్లికి చెప్పారా అంటే, గుమ్మంలోకి వచ్చి చూస్తోందిగా అన్నాడు. అత్తగారు నిజంగానే గుమ్మంలో నిలబడి ఉంది. పొమ్మనలేదు, వద్దనలేదు.

టైలరమ్మ షాపు ఊరి చివర, ఒకే గది. ఒక మిషను, గోడకి వేలాడే సగం కుట్టిన బట్టలు, నేలమీద రంగురంగుల ముక్కలు. ఆవిడ కళ్ళజోడు ముక్కు చివరికి దించి, టీచరుని చూసి రమ్మంది. వెనక వచ్చిన మనిషిని చూసి, చొక్కానా ప్యాంటా అని అడిగింది. అతను ఏదీ కాదన్నాడు. ఆవిడ మిషను ఆపలేదు.

టీచరు దారంతా కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ వరసగా రాలేదు. చివరికి సూటిగానే చెప్పింది.

"మీ అక్కగారు బతికే ఉన్నారు. ఆవిడ మా అత్తగారు."

మిషను ఇంకో జానెడు కుట్టుకుపోయి ఆగింది. టైలరమ్మ పళ్ళతో దారం తెంపింది.

"తెలుసు" అంది.

టీచరు మొగుడి మొహం చూసింది. అతనికీ ఏమీ అర్థం కాలేదు.

"నువ్వెవరి కోడలివో తెలుసు. ఏ వీధిలో ఏ ఇంట్లో ఉంటారో తెలుసు. పిల్లలు వచ్చి, మేం ఫలానా టీచరుగారి క్లాసు, మీ పేట గురించి చెప్పండి అన్నప్పుడే అనుకున్నాను. నేను దాని గుమ్మం తొక్కలేను. నా గొంతైనా దాని ఇంట్లోకి వెళ్తుందేమో అని చెప్పాను."

"వెళ్ళింది" అన్నాడు మెకానిక్కు. ఆ షాపులో అతను తనంతట తాను అన్న మొదటి మాట అదే.

టైలరమ్మ కళ్ళజోడు తీసి అతన్ని పరకాయించి చూసింది. ముక్కు చూసింది, చేతులు చూసింది. పక్కనున్న స్టూలు మీది బట్టలు తీసి కింద పడేసింది. అతను కూర్చున్నాడు. పిన్నీ అనబోయి, నోట్లోనే ఉంచుకున్నాడు.

విని అక్క ఏమందని టైలరమ్మ అడిగింది. మా అత్తగారూ తన సంగతి చెప్పారు, పిల్లలు రికార్డు చేశారు, మీరు వినాలనుకుంటేనే పెడతాను, రేపు వినిపించడం వినిపించకపోవడం మీ ఇద్దరి ఇష్టం అంది టీచరు. టైలరమ్మ లేచి షట్టరు సగానికి దించింది. వచ్చి కూర్చుని, పెట్టమంది.

మొదట్లో ఆవిడ మొహంలో ఏమీ లేదు. అద్దెగది చిరునామా దగ్గర, అదీ సంగతి అన్నట్టు పెదవి విరిచింది. తోపుడుబండి దగ్గర చెయ్యి మిషను చక్రం మీదికి వెళ్ళింది. చెల్లెలు చీటీల వరసలో ఉందన్న మాట దగ్గర, అవును, ఆ వరసలో నేనే నిలబడ్డాను అని తనలో తను అనుకుంది. ఫోన్లోంచి అక్క గొంతు, మీ ఇంట్లో నన్నెవరని చెప్తావే అని తల్లి మాటని పలికింది.

టైలరమ్మ చెయ్యి ఎత్తింది. టీచరు ఆపింది.

"మా అమ్మ అలా అనలేదు" అంది. "అనదు. చచ్చేదాకా నా దగ్గరే ఉంది. నాతో అనేది కదా."

షట్టరు కిందనుంచి వీధిలో వెళ్ళేవాళ్ళ కాళ్ళు కనిపిస్తున్నాయి. టీచరు ఫోను సంచీలో పెట్టుకోబోయింది.

టైలరమ్మ ఆ చేతిని పట్టుకుంది. కుర్చీ దగ్గరికి జరుపుకుని, చెవి ఫోను మీదికి వంచింది.

"మళ్ళీ పెట్టు. అమ్మ మాట దగ్గర్నుంచి."